డబ్బు ఎవరి పేరు మీదికి వెళ్తోంది?

గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి ఎదురైతే ముందుగా వచ్చే మాట "ఏ ఊరండీ? ఎవరి తాలూకు?" అని. పొలం కౌలుకిచ్చినా, కొబ్బరి దింపుకి బేరం పెట్టినా, పిల్లకి సంబంధం చూసినా ఆ రెండింటికీ జవాబు దొరికాకే మాట ముందుకి నడుస్తుంది. రేపు తేడా వస్తే ఎవరి గడపకి వెళ్లి అడగాలో ముందే తెలిసి ఉండాలన్నది అందులోని జాగ్రత్త. ఇంత జాగ్రత్త ఉన్నవాళ్లే ఫోన్‌లో ఒక చీర నచ్చగానే, ఆ పేజీ ఎవరిదో ఏ ఊరిదో తెలియకుండా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రెండు వేలు పంపేస్తున్నారు.

ఆన్‌లైన్ షాపింగ్ మోసాల్లో రకాలు బోలెడు. వాటన్నిటినీ గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. కానీ అన్నిటిలోనూ జరిగేది ఒకటే. కొనేవాళ్ల చూపుని సరుకు మీద, ధర మీద, "ఇంకో పది నిమిషాలే" అన్న గడువు మీద నిలిపి, డబ్బు ఎవరికి పోతోందో చూడనివ్వరు. అందుకే మోసాన్ని పట్టుకోవాలంటే చూపుని డబ్బు వెళ్లే దారి మీదికి తిప్పాలి. ఎవరి తాలూకు అన్న ప్రశ్నకి ఆన్‌లైన్‌లోనూ జవాబు దొరికే చోట్లు ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో చాలామందికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మన సరుకే ఎర

డెల్టాలోనూ దాని అంచునా తయారయ్యే సరుకుకి దేశమంతా పేరుంది. ఉప్పాడ జాందానీ చీరలకి 2009లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నరసాపురం లేసు అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెరిగే కొద్దీ ఆ పేరు వాడుకునేవాళ్లూ పెరుగుతారు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న గోదావరి పిల్లలకి ఇంటి సరుకు మీద ఉండే మమకారమే నకిలీ పేజీలకి పెట్టుబడి.

ఉప్పాడ జాందానీ సంగతే చూడండి. మగ్గం మీద నేత సాగుతుండగానే అదనపు పోగులతో ఒక్కో బుటాని చేత్తో నేస్తారు. పని ఎక్కువున్న పట్టు చీరైతే ఇద్దరు కూర్చున్నా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కూలి ఒక్కటే లెక్కేసుకున్నా ఆ చీర వేలల్లో ఉండాలి. "ఉప్పాడ జాందానీ, ప్యూర్ పట్టు, ఈ ఒక్కరోజే 999" అని ప్రకటన వస్తే, వచ్చేది మరమగ్గం మీద నేసిన పాలిస్టర్ చీర, లేదంటే ఏదీ రాదు. తక్కువ ధర ఉన్న ప్రతిదీ మోసం కాదు, క్లియరెన్స్ సేల్‌లో నిజంగానే చవగ్గా దొరుకుతాయి. తయారీ ఖర్చు కన్నా కిందికి దిగిన ధర మాత్రం ఎప్పుడూ అనుమానించాల్సిందే. ఆ ఖర్చు ఎంతో ఈ ప్రాంతం వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ధర ఎలాగో, కాలం కూడా అలాగే పట్టిస్తుంది. పులస అనేది వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతూ వచ్చే చేప. అది దొరికేది వానాకాలంలో కొద్ది కాలమే. దొరికిందంటే రేవు దగ్గరే వేలం పాటలో వేలు పలికి వెళ్లిపోతుంది. అలాంటిది ఫిబ్రవరిలో "గోదావరి పులస, ఐస్ బాక్సులో హోమ్ డెలివరీ, అడ్వాన్స్ 500" అంటే అది నిలవ చేపైనా అయ్యుండాలి, బయటి నుంచి తెచ్చిన అదే జాతి చేప ఇలసైనా అయ్యుండాలి, అసలు చేపే లేకపోయినా లేకపోవచ్చు.

మొక్కల విషయంలో జరిగే మోసం ఇంకాస్త లోతుగా చూడాల్సినది. నీలం గులాబీ విత్తనాలనీ, ఒకే చెట్టుకి ఏడు రంగులు పూసే గులాబీ అనీ ఫొటోలు తిరుగుతుంటాయి. కడియం, కడియపులంక నర్సరీల్లో అంటు కట్టే పనివాళ్లని ఎవరిని అడిగినా చెబుతారు. తోటల్లో పెంచే గులాబీ రకాన్ని విత్తనం నుంచి తీయరు, అంటు కట్టో కొమ్మ నాటో పెంచుతారు. విత్తనం వేస్తే తల్లి మొక్క రంగే వస్తుందన్న నమ్మకం లేదు. అసలు ఫొటోల్లో చూపించే ఆ ముదురు నీలం రంగు గులాబీల్లో సహజంగా లేదు. అయినా పార్సెల్ మాత్రం వస్తుంది. అందులో ఏవో గింజలుంటాయి. అవి మొలిచి, పెరిగి, మొగ్గ తొడిగేదాకా నెలలు గడుస్తాయి. మొలిచినది ఏ తోటకూరో అని తెలిసేసరికి పేజీ ఉండదు, నంబరు పనిచేయదు. పార్సెల్ వచ్చింది కదా అని కొన్నవాళ్లు మొదట మంచి రేటింగ్ ఇచ్చేసి కూడా ఉంటారు. ఈ మోసంలో తెలివంతా ఆ ఎదురుచూపులో ఉంది.

పేరు అడిగే చోట్లు

డబ్బు పంపే ముందు యూపీఐ యాప్‌లో ఒక పేరు కనిపిస్తుంది. చాలామంది అంకె సరిగా కొట్టామా లేదా చూసుకుంటారు గానీ ఆ పేరు చదవరు. అమ్మేవాళ్లు తమకి తోచినట్టు పెట్టుకున్న పేరు కాకుండా, బ్యాంకు ఖాతాలో నమోదైన పేరే అక్కడ చూపించాలని 2025 జూన్ నెలాఖరు నుంచి నిబంధన ఉంది. పేజీ మీద అమలాపురం చీరల కొట్టు పేరుండి, యాప్‌లో దానికి ఏ పొంతనా లేని మనిషి పేరు వస్తే అక్కడే ఆగాలి. అడిగితే "మా అకౌంటెంట్‌దండి", "మా బావగారి ఖాతాండి" అని జవాబు వస్తుంది. చిన్న వ్యాపారంలో అది నిజమూ కావచ్చు. కానీ "నిన్నటి క్యూఆర్‌కి వద్దండి, ఈ కొత్తదానికి పంపండి" అన్నారంటే మాత్రం బేరం వదిలేయడమే మంచిది. ఫిర్యాదులొచ్చి పాత ఖాతాలు స్తంభించినప్పుడు ఇలా మార్చుకుంటూ పోవడం మోసగాళ్ల అలవాటు.

తర్వాత చూడాల్సింది జీఎస్టీ నంబరు. అందులో 15 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. "రావులపాలెం నుంచి నేరుగా మీ ఇంటికి" అని రాసుకున్న పేజీలో నంబరు 07తో మొదలైతే ఆ రిజిస్ట్రేషన్ ఢిల్లీది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారి పేరు, అది ఇప్పుడు చెల్లుతోందా లేదా అన్నది ఉచితంగా చూపిస్తుంది. వేరే కొట్టు నంబరుని ఎత్తుకొచ్చి పెట్టేవాళ్లూ ఉంటారు కాబట్టి, నంబరు ఉండటం ఒక్కటే చాలదు, అక్కడ వచ్చిన పేరు పేజీ పేరుతో కలవాలి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఆవిడకి జీఎస్టీ ఉండకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే తినుబండారాలు అమ్మే ఎవరికైనా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉంటుంది. ఫొటో పంపమంటే నిజంగా అమ్మేవాళ్లు నిమిషంలో పంపుతారు.

సోషల్ మీడియా పేజీల చరిత్ర కూడా దాగదు. ఫేస్‌బుక్‌లో పేజీ ట్రాన్స్‌పరెన్సీ అనే చోట నొక్కితే పేజీ ఎప్పుడు పెట్టారో, ఇంతకుముందు ఏ పేరుతో ఉండేదో, నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో కనిపిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే చాలా ఖాతాలకి ఎబౌట్ దిస్ అకౌంట్ అన్న చోట ఇలాంటి వివరాలే ఉంటాయి. మొన్నటిదాకా క్రికెట్ వీడియోల పేజీగా ఉండి, లక్ష మంది ఫాలోవర్లతో సహా చేతులు మారి, ఇప్పుడు పూతరేకులు అమ్ముతున్న పేజీలు అక్కడ దొరికిపోతాయి. ఆ లక్ష మందిలో ఒక్కరూ పూతరేకులు చూసి ఫాలో అయినవాళ్లు కారు. కామెంట్లు ఆపేసిన పేజీని నమ్మకపోవడమే మేలు.

వెబ్‌సైట్ చిరునామా చదవడంలో కూడా ఒక పద్ధతి ఉంది. పెద్ద కంపెనీ పేరు అందులో ఎక్కడో ఒకచోట కనిపిస్తే సరిపోదు. డాట్ కామ్‌కో డాట్ ఇన్‌కో సరిగ్గా ముందున్న మాట ఏమిటో చూడాలి. అమెజాన్ డాట్ ఇన్ వేరు, అమెజాన్ హైఫన్ సంక్రాంతి సేల్ డాట్ షాప్ వేరు. రెండోది ఎవరైనా కొద్దిపాటి డబ్బుతో కొనుక్కోగల చిరునామా. ఇక పక్కన కనిపించే తాళం గుర్తుకి అర్థం మధ్యలో ఎవరూ సమాచారం తొంగిచూడలేరని మాత్రమే. అవతల ఉన్నది మంచివాళ్లని ఆ తాళం చెప్పదు. దొంగ సైటుకీ తాళం ఉంటుంది.

తిరిగొచ్చే దారి ఉన్న డబ్బు, లేని డబ్బు

ఒకే రెండు వేలు నాలుగు రకాలుగా కట్టవచ్చు. పేరున్న యాప్‌లోనే కడితే, సరుకు రాకపోయినా పాడైపోయి వచ్చినా మధ్యలో అడగడానికి ఒక సంస్థ ఉంటుంది. ఈ-కామర్స్ సంస్థలు ఫిర్యాదుల అధికారిని పెట్టాలనీ, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలనీ, నెలలోపు పరిష్కరించాలనీ 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. క్రెడిట్ కార్డుతో కడితే వస్తువు రాలేదని బ్యాంకు ద్వారా వివాదం పెట్టుకునే వీలుంది. సరుకు ఇంటికొచ్చాక కట్టేది మూడో రకం. వాట్సాప్‌లో పంపిన నంబరుకి నేరుగా యూపీఐ కొట్టేది నాలుగోది. సరుకు పేరుతో జరిగే మోసాలు ఎక్కువగా చివరికి ఈ నాలుగో దారికే తీసుకొస్తాయి. "యాప్‌లో అయితే కమిషన్ పోతుందండి, నేరుగా పంపితే రెండొందలు తగ్గిస్తాను" అన్న మాట వినగానే అర్థం చేసుకోవాల్సింది, ఆ రెండొందలకి బదులుగా వెనక్కి వచ్చే దారి మూసేస్తున్నారని.

ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటుంది. ఖాతాదారు తప్పేమీ లేకుండా, ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే నష్టం ఖాతాదారుది కాదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. కానీ మాయమాటలు నమ్మి తన చేతులతో తానే పిన్ నొక్కి పంపిన డబ్బు ఆ కోవలోకి రావడం కష్టం. బ్యాంకు దృష్టిలో అది ఖాతాదారే చేసిన చెల్లింపు. కాబట్టి పిన్ నొక్కే ముందు ఉన్న ఆ ఒక్క క్షణమే అసలు రక్షణ.

క్యాష్ ఆన్ డెలివరీ అయితే భయం లేదనుకునేవాళ్లు చాలామంది. అదీ పూర్తి నిజం కాదు. అడ్రసులు, ఫోన్ నంబర్లు సంపాదించి, ఎవరూ ఆర్డర్ పెట్టని పార్సెల్‌ని పంపడం ఒక పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్లే ఉన్నప్పుడు ఇది బాగా పారుతుంది. కొడుకు కువైట్‌లోనో, కోడలు హైదరాబాద్‌లోనో ఉంటారు. "మీ అబ్బాయి పంపాడండి, 799 కట్టాలి" అంటే నాన్నమ్మ అడక్కుండా ఇచ్చేస్తుంది. కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఈ మాట ఇక్కడ నమ్మించడం తేలిక. డెలివరీ చేసే కుర్రాడికి లోపల ఏముందో తెలియదు, అతన్ని నిలదీసి లాభం లేదు. ఇంట్లో ఒకటే కట్టుబాటు పెట్టుకుంటే చాలు. ఆర్డర్ పెట్టినవాళ్లు ముందుగా ఫోన్ చేసి చెప్పని పార్సెల్‌కి డబ్బు కట్టరు, అంతే. కట్టి తీసుకున్న పార్సెల్‌ని విప్పేటప్పుడు మీద అంటించిన అడ్రసు కాగితం కనిపించేలా మొదలుపెట్టి, లోపలి వస్తువు బయటికొచ్చేదాకా ఆపకుండా వీడియో తీసుకుంటే, సెల్‌ఫోన్ బదులు సబ్బు బిళ్ల వచ్చినప్పుడు ఆ వీడియోనే సాక్ష్యం.

"అడ్రస్ సరిగా లేదు, మీ పార్సెల్ ఆగిపోయింది, 25 రూపాయలు కట్టండి" అని లింకుతో వచ్చే మెసేజ్‌లో ఆశ ఆ 25 మీద కాదు. లింకు నొక్కాక అడిగే కార్డు వివరాల మీద. తపాలా శాఖ పేరుతో కూడా ఇలాంటివి వచ్చాయి, అవి నకిలీవని ప్రభుత్వమే ప్రకటించింది. అలాగే, ఆర్డర్ పోయిందని కంగారుపడి కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన నంబరుకి ఫోన్ చేయడం పెద్ద ప్రమాదం. నకిలీ నంబర్లు అక్కడే కాపు కాసి ఉంటాయి. రీఫండ్ ఇస్తామంటారు, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమంటారు, ఆ తర్వాత ఫోన్‌లో మీరు చూసేదంతా వాళ్లూ చూస్తారు. నంబరు కావాలంటే ఆర్డర్ పెట్టిన యాప్ లోపలే వెతకాలి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌గా దిగిపోయే ఫైలు, అది శుభలేఖ పేరుతో వచ్చినా, ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చినా, ఇన్‌స్టాల్ చేయకూడదు.

అమ్మేవాళ్లనీ వదలరు

షాపింగ్ మోసం అనగానే కొనేవాళ్ల నష్టమే గుర్తొస్తుంది. కానీ డెల్టాలో ఇంటి నుంచి అమ్ముకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. లేసు అల్లేవాళ్లు, పూతరేకులు చుట్టేవాళ్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు. వీళ్లకి వచ్చే ఫోన్ దాదాపు ఒకేలా ఉంటుంది. "ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాం, యాభై బాక్సులు కావాలి" అంటారు. యూనిఫాంలో ఉన్న గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు. బేరం ఆడరు, రేటు ఎంతంటే అంత ఒప్పుకుంటారు. అసలు బేరమే ఆడని కొనుగోలుదారుని ఈ ప్రాంతంలో ఎవరైనా అనుమానించాలి! తర్వాత "మా అకౌంట్స్ సెక్షన్ పద్ధతి ఇదండి, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటారు. పిన్ కొట్టిన వెంటనే డబ్బు పడదు, పోతుంది.

యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పని లేదు. మనంతట మనం నిల్వ చూసుకునేటప్పుడు అడిగేది పక్కన పెడితే, ఎవరో పంపిన కోడ్ స్కాన్ చేశాక పిన్ అడిగిందంటే డబ్బు బయటికి వెళ్తోందనే అర్థం. ఈ ఒక్క మాట ప్రతి డ్వాక్రా సమావేశంలోనూ చెప్పాల్సినది. ఒకప్పుడు వ్యక్తులు ఒకరికొకరు డబ్బు అడుగుతూ పంపుకునే కలెక్ట్ రిక్వెస్టుల ద్వారా ఈ మోసం ఎక్కువగా జరిగేది. ఆ సదుపాయాన్ని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి తీసేసింది. క్యూఆర్ కోడ్‌లు మాత్రం ఉన్నాయి. దొంగ స్క్రీన్‌షాట్లూ ఉన్నాయి. డబ్బు వచ్చిందా లేదా అన్నది అవతలివాళ్లు పంపిన ఫొటోలోనో ఎస్‌ఎంఎస్‌లోనో చూడకూడదు, సొంత బ్యాంకు ఖాతా నిల్వ చూసుకోవాలి. "పొరపాటున ఎక్కువ పంపేశాను, మిగతాది తిప్పి పంపండి" అన్న ఫోన్ వస్తే నిల్వ చూసుకున్నాకే ఏ మాటైనా.

పోయాక చేయాల్సింది

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. లేదా కేంద్ర హోం శాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఈ తొందరకి కారణం ఉంది. మోసగాడి మొదటి ఖాతాలో డబ్బు ఎక్కువసేపు ఉండదు. లాకు దాటిన నీళ్లు పిల్ల కాలవల్లోకి చీలిపోయినట్టు, పదివేలు నాలుగు ఖాతాల్లోకి, అక్కడి నుంచి ఇంకో పదింటిలోకి పోయి, చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. 1930కి చెబితే ఆ సమాచారం బ్యాంకులకి వెళ్లి, డబ్బు ఏ ఖాతా దాకా చేరిందో అక్కడ ఆపే ప్రయత్నం జరుగుతుంది. ఇంట్లో చర్చించుకుని రేపు చూద్దాంలే అనుకుంటే ఆపడానికి ఏమీ మిగలదు. ఫోన్ చేసేటప్పుడు యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి యాప్‌లో కనిపించే గుర్తింపు నంబరు), పంపిన సమయం, అవతలి యూపీఐ ఐడీ దగ్గరుండాలి. చాటింగ్‌ని కోపంలో డిలీట్ చేయకూడదు.

అమ్మినవాళ్లు నిజమైనవాళ్లే, కానీ నాసిరకం ఇచ్చారు, రీఫండ్ ఎగ్గొడుతున్నారు అంటే అది వేరే దారి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవాలి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాళ్లు సూరత్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు.

ఈ మోసాలకి కావలసిన ఖాతాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది కూడా చూడాలి. కాలేజీ కుర్రాళ్లకి, పని లేని యువకులకి కొంత డబ్బు ఇచ్చి, వాళ్ల పేరు మీద ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుంటారు. "నువ్వేం చేయక్కర్లేదు, ఖాతా అద్దెకిచ్చినట్టే" అంటారు. పోలీసులు ఖాతాని వెతుక్కుంటూ వచ్చినప్పుడు కనిపించే పేరు ఆ కుర్రాడిదే. అసలు మనిషి ఎవరో అతనికీ తెలియదు. ఇంజనీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న ఈ జిల్లాల్లో తల్లిదండ్రులు పిల్లలతో దీని గురించి విడమరిచి మాట్లాడాలి.

మోసపోయినవాళ్లలో చాలామంది ఫిర్యాదు చేయకపోవడానికి ఇక్కడ పెద్ద కారణం పరువు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారనో, ఇంట్లో మాటలు పడాలనో, మూడొందలకి పోలీసులెందుకనో ఊరుకుంటారు. అడ్వాన్స్ పేరుతో రెండొందలు, మూడొందలు తీసుకుని మాయమయ్యే పేజీలు బతికేది ఈ మౌనం మీదే. ఒక్కొక్కరి దగ్గర కొంచెమే తీసుకుంటే ఎవరూ కదలరని వాళ్లకి తెలుసు. ఆ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనే అనుమానితుల వివరాలు వెతికే సదుపాయం ఉంది. ఫోన్ నంబరో, యూపీఐ ఐడీనో, వెబ్‌సైట్ చిరునామానో అక్కడ కొడితే దాని మీద ఇప్పటికే ఫిర్యాదులున్నాయా అన్నది చూపిస్తుంది. పాలకొల్లులో పోయిన మూడొందల గురించి ఈ రోజు ఒకరు ఫిర్యాదు పెడితే, రేపు మండపేటలో అదే నంబరుకి డబ్బు పంపబోయే మనిషికి ఆ వెతుకులాటలో ఏదో ఒకటి కనిపించే వీలుంటుంది.